రెగ్యులేటర్ కంటే ముందు నీళ్ళు

ఇంగ్లండ్‌లో ఒక చిన్న హెరిటేజ్ రైల్వేలో, అంటే పాత ఆవిరి బండ్లని కాపాడి నడిపే లైన్‌లో, వారాంతాల్లో వలంటీర్‌గా చేస్తున్నానని చెప్పగానే అందరూ అడిగేది ఒకటే, "ఆవిరి ఇంజన్ నడిపావా?" అని. ఇంకా లేదు, దానికి చాలా టైమ్ ఉంది. మొదట ఇంజన్ తుడిచే క్లీనర్, తర్వాత పాస్డ్ క్లీనర్, అంటే అవసరపడితే ఫైర్‌మన్ పని, అంటే బొగ్గు వేసి నిప్పూ నీళ్ళూ చూసుకునే పని, చెయ్యడానికి అనుమతి వచ్చినవాడు, ఆ తర్వాత ఫైర్‌మన్, అలాగే డ్రైవర్ పనికి అనుమతి వచ్చిన పాస్డ్ ఫైర్‌మన్, చివరికి డ్రైవర్. సెలవు రోజుల్లో మాత్రమే వచ్చేవాళ్ళకి ఏళ్ళు పడుతుంది. డబ్బు కడితే ఒక పూట రెగ్యులేటర్, అంటే ఆవిరి వదిలి ఇంజన్‌ని కదిలించే మీట, పట్టుకోనిచ్చే కోర్సులు వేరే ఉన్నాయి, సరదాగానే ఉంటాయి, కానీ అవి చేసినంత మాత్రాన ప్యాసింజర్ బండి చేతికివ్వరు. ఇవ్వకూడదు కూడా.

క్లీనర్ మెట్టు త్వరగా దాటించమనే కొత్తవాళ్ళతో నేను అస్సలు ఒప్పుకోను. తెల్లారకముందే షెడ్‌కొచ్చి, ఇంజన్ ముందు పొగగూడు స్మోక్‌బాక్స్‌లో పేరుకున్న మసి ఎత్తిపోసి, బూడిద పడే యాష్‌పాన్ గీకి, పట్టాల మధ్య గుంటలోకి దిగి రాడ్లు తుడుస్తుంటేనే కదా ఏ నట్టు వదులైందో, ఏ పిన్ను ఊడిందో తెలిసేది. మన బిట్రగుంట, కాజీపేట షెడ్లలో కూడా క్లీనర్‌గా చేరి, ఫైర్‌మన్, యార్డులో పెట్టెలు అటూ ఇటూ జరిపే షంటర్, గూడ్స్ డ్రైవర్ అయ్యి, ఆ తర్వాతే మెయిల్ బండి దాకా వెళ్ళేవాళ్ళు.

నిజంగా రాత్రుళ్ళు కూడా ఆలోచించేది మాత్రం నీళ్ళ గురించి. మా దగ్గర తిరిగే ఇంజన్లలో ఒకటి బ్లాక్ ఫైవ్, 1934 నుంచి 1951 దాకా 842 కట్టిన రకం. బాయిలర్ ఒత్తిడి చదరపు అంగుళానికి 225 పౌండ్లు, అంటే లోపల నీళ్ళు 200 డిగ్రీల వేడి మీద ఉంటాయి. బాయిలర్ లోపల నిప్పు మండే పెట్టె ఫైర్‌బాక్స్, దాని పైకప్పు మీద ఎప్పుడూ నీళ్ళుండాలి, లేకపోతే ఆ రేకు మెత్తబడి కూలిపోతుంది. నీటి మట్టం చూపించేది వేలంత లావు గాజు గొట్టం. చిక్కేంటంటే గొట్టం పూర్తిగా నిండినా, పూర్తిగా ఖాళీ అయినా చూడ్డానికి ఒకేలా ఉంటుంది. అందుకే దాని వెనక నలుపు తెలుపు ఏటవాలు చారల పలక పెడతారు, నీళ్ళున్న చోట చారలు అటు తిరిగి కనిపిస్తాయి, లేని చోట ఇటు. మొదటిసారి చూసినప్పుడు ఇంత తేలిక ఉపాయం ఎవరికి తట్టిందో అని దండం పెట్టాలనిపించింది. అయినా గాజుని గుడ్డిగా నమ్మకూడదు. ఎగువ ఎక్కుతున్నప్పుడు నీళ్ళు వెనక్కి వచ్చి మట్టం ఎక్కువగా కనిపిస్తుంది, గట్టు దాటి దిగువ మొదలవ్వగానే ముందుకి పారి గాజులో ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి ఫైర్‌మన్‌కి లైన్‌లో ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అన్నది కంఠతా రావాలి.

నీళ్ళు ఎక్కించేది ఇంజెక్టర్, 1858లో ఫ్రాన్స్‌లో ఆన్రీ జిఫార్ కనిపెట్టినది. బాయిలర్ ఆవిరితోనే, ఆ బాయిలర్ ఒత్తిడికే ఎదురుగా చల్లటి నీళ్ళని లోపలికి తోస్తుంది. ముందు నీళ్ళు తెరవాలి, తర్వాత ఆవిరి. క్యాబ్ కింద గొట్టంలోంచి నీళ్ళు కారుతున్నాయంటే ఇంజెక్టర్ ఇంకా పట్టుకోలేదని, అంటే నీళ్ళు బాయిలర్‌లోకి వెళ్ళట్లేదని. కారడం ఆగి ఈల లాంటి సన్నటి మోత మొదలైతే పట్టుకున్నట్టు. మా పెద్ద డ్రైవర్ గారు సిగ్నల్ వైపు చూస్తూనే, వెనక్కి తిరగకుండా, ఆ మోత మారగానే "నీళ్ళు" అంటారు. ఆ చెవి నాకూ రావాలి.

ఇప్పుడు ఫైర్‌మన్ పరీక్షకి చదువుతున్నాను. ఇన్‌స్పెక్టర్ మనతో పాటు ఇంజనెక్కి పార పట్టే తీరు చూస్తారు, తర్వాత రూల్స్ అడుగుతారు, ఒంటి లైన్ మీదకి వెళ్ళడానికి అనుమతిగా ఇచ్చే సింగిల్ లైన్ టోకెన్, లైన్‌లో బండి ఆగిపోతే డిటొనేటర్లు, అంటే చక్రం ఎక్కగానే పేలి వెనక వచ్చే బండిని హెచ్చరించే టపాకాయలు, పట్టా మీద పెట్టడం, ఇలా బోలెడు. ఇంజెక్టర్లు రెండూ పట్టుకోకపోతే ఏం చేస్తావన్న ప్రశ్న తప్పకుండా ఉంటుందట. బండి ఎంత ఆలస్యమైనా సరే, ఫైర్‌బాక్స్ పైకప్పు నీళ్ళల్లోంచి బయటపడకముందే నిప్పు తీసెయ్యాలి.