పెదనాన్న అంబాసిడరు, నాన్న మారుతి

అరకుకు అద్దాల బోగీలో హాయిగా వెళ్ళగలిగి ఉండగా, నలభై ఏళ్ళు దాటిన కారులో ఘాట్ ఎక్కడమేమిటని ఇంట్లో అందరూ అన్నారు. పెదనాన్న వినలేదు. ఆయన 1978 నాటి మార్క్-3 అంబాసిడరు ముందు, మా నాన్న 1996లో కొన్న మారుతి 800 వెనుక, విశాఖ నుంచి బయలుదేరాయి. మూడు రోజులు తిరిగినా, శృంగవరపుకోట దాటాక వచ్చిన ఘాట్ రోడ్డే నాకు ఎక్కువగా గుర్తుంది.

మారుతిని తమ్ముడికి అప్పగించి నేను పెదనాన్న పక్కన కూర్చున్నాను. ముందు సీటు ఒకే పొడవాటి బల్లలా ఉండడంతో మా ఇద్దరి నడుమ పులిహోర డబ్బా, నీళ్ళ కూజా దర్జాగా కూర్చున్నాయి. స్టీరింగు కిందనున్న గేరు కర్రను ఆయన ముందుకూ వెనక్కూ ఆడిస్తుంటే మజ్జిగ చిలుకుతున్నట్టు ఉంది. గుంతలు వచ్చినప్పుడల్లా వెనుక కమాన్ కట్టలు కిర్రుమన్నాయే గాని, పెద్దమ్మ కునుకు చెడలేదు.

అనంతగిరి చేరకముందే ఒక మలుపులో బానెట్ సందుల నుంచి ఆవిరి చిమ్మింది. పగుళ్ళు వారిన రేడియేటరు గొట్టాన్ని మారుద్దామని రెండేళ్ళుగా అనుకుంటూ వాయిదా వేసిన తప్పు మాదే. చల్లారేవరకు మూత ముట్టుకోవద్దని గదిమి, పెదనాన్న రోడ్డు పక్కన టీ తాగారు. బొటనవేలంత కాగితపు కప్పుకు ముప్పయి రూపాయలట! ఆ తరువాత గొట్టం చివర పగిలిన ముక్కను చాకుతో కోసేసి, మిగిలినదాన్ని లాగి బిగించారు. 1489 సీసీ ఇంజను చుట్టూ చేతులు పెట్టుకోవడానికే కాదు, కింద నేల చూడడానికి కూడా చోటుంది. అదే మా మారుతిలో, అడ్డంగా అమర్చిన మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను పక్కన స్పానరు జారిపడితే వెతుక్కోవడమే ఒక పని.

బరువు తగ్గించడానికని పెద్దమ్మను మారుతిలోకి మార్చి, ఈసారి నేనే నడిపాను. పన్నెండంగుళాల చక్రాలతో, ముందు నుంచి లాగుతూ, అది రెండో గేరులో మేకపిల్లలా ఎక్కేసింది. నేను మురిసిపోతుండగా, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న పెద్దమ్మ అంది: "ఇది నడిపేవాడి కోసం చేసిన బండిరా నాయనా, కూర్చునేవాళ్ళ కోసం కాదు."

ఆ మాట నిజమే. మా ఊళ్ళో అంబాసిడరు ఉన్నవారు వెనుక కూర్చునేవారు. తెల్లచొక్కా డ్రైవరు వేరే ఉండేవాడు. 1983 డిసెంబరులో గుర్‌గావ్ నుంచి మారుతి వచ్చాక గుమాస్తాలు, మాస్టార్లు తామే స్టీరింగు పట్టడం మొదలుపెట్టారు. మా నాన్న నలభై అయిదేళ్ళ వయసులో, తెల్లవారకముందే స్కూలు మైదానంలో తిరిగి నేర్చుకున్నారు. ఒకదాన్ని ఇంకొకటి వెనక్కి నెట్టిందని అనుకుంటాం గాని, రెండింటి తయారీ ఆగింది 2014లోనే.

తిరుగు ప్రయాణంలో పెద్దమ్మ మారుతి ఎక్కనని మొండికేసింది. దిగువ గేరులో నెమ్మదిగా దిగుతున్న అంబాసిడరు వెనకాలే నేను వచ్చాను. శృంగవరపుకోట వరకు దాని వెనుక అద్దంలోంచి కనబడుతూ, సీటుకు ఆనించిన ఆమె కొప్పు ఒక్క మలుపులోనూ కదలలేదు.