మార్టేరు చేలలో ఒంటిగంటన్నర

తణుకులో రైలు దిగి మార్టేరు వైపు సాగుతుంటే రోడ్డుకు రెండు పక్కలా దాళ్వా వరి పొట్ట దశకు వస్తోంది. ఫిబ్రవరి నెలాఖరు, మబ్బు జాడ లేదు. మా పనికి అదే కావాలి. ఉపగ్రహం పైనుంచి కొలిచే ఆకుల వెలుగు, చేను గట్టున నిలబడి కొలిస్తే ఎంత వస్తుందో పోల్చి చూడాలని మిత్రులతో కలిసి బయలుదేరాను.

ఆకు పీల్చుకున్న ఎండంతా ఆహారం తయారీకి పోదు. కొంత వేడిగా పోతుంది. ఒకటి రెండు శాతం మాత్రం ఎరుపు, పరారుణానికి చేరువైన ముదురెరుపు కాంతిగా పత్రహరితం నుంచి తిరిగి వెలువడుతుంది. దాన్నే ప్రతిదీప్తి అంటారు. ఆకు మీద పడి వెనక్కి మళ్లే ఎండ ముందు అది కంటికి ఆనదు. అయితే సూర్యకాంతిని రంగులుగా విడదీసి చూస్తే సన్నని నల్ల గీతలు కనిపిస్తాయి. 1814లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రౌన్‌హోఫర్ వాటిని శ్రద్ధగా నమోదు చేశాడు. ఆ గీతల దగ్గర ఎండ పలచన కాబట్టి ఆకు సొంత వెలుగు అక్కడ పట్టుబడుతుంది. ఈ పద్ధతిలోనే జపాన్ ఉపగ్రహం గోశాట్ సమాచారం నుంచి 2011లో ప్రపంచ పటాలు వచ్చాయి. మేం పోల్చదలచింది 2017లో ఎగిరిన సెంటినెల్-5పి మీది ట్రోపోమి పరికరంతో. అది మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో మన నెత్తి మీదుగా వెళ్తుంది.

గట్టు మీద మూడు మీటర్ల గెడ పాతి, వెలుగును కొలిచే పరికరానికి చేరవేసే రెండు గాజు తంతువులు దానికి బిగించాం. ఒకటి ఆకాశం నుంచి దిగే ఎండను, రెండోది కింది పంటను చూస్తుంది. పంటను చూసేదానికి అందేది మీటరు పైచిలుకు వెడల్పున్న వలయం, అంటే కొన్ని వరి దుబ్బులు. ట్రోపోమి ఒకే కొలతగా చూసే నేల ముక్క, అంటే దాని ఒక గడి, మూడున్నర కిలోమీటర్లు, అయిదున్నర కిలోమీటర్లు. దాదాపు 4,750 ఎకరాలు!

ఈ తేడా డెల్టాలో ఎంత పెద్దదో గడి హద్దుల వెంట తిరిగితేనే తెలిసింది. వరి చేను దాటితే చేపల చెరువు, ఆ పక్కన కొబ్బరితోట, తర్వాత కాలువ, ఊరు, మళ్లీ వరి. చెరువులోని నాచుకూ ప్రతిదీప్తి ఉంది. కానీ అందులో ముదురెరుపు భాగాన్ని నీరే మింగేస్తుంది కనుక, ఉపగ్రహం చూసే 740 నానోమీటర్ల ముదురెరుపు తరంగదైర్ఘ్యం దగ్గర చెరువు దాదాపు చీకటే. కొబ్బరి మట్టలు గెడకు అందవు. ఒక పెద్దాయన తన డాబా ఎక్కనిచ్చారు, అక్కడి నుంచి వంగి మట్టల మీద కొలిచాం. మాది 760 నానోమీటర్ల దగ్గరి కొలత కాబట్టి రెంటినీ ఒకే తరంగదైర్ఘ్యానికి తేవాలి, చూసే కోణాన్నీ సరిచేయాలి. ఆ లెక్కలు కంప్యూటర్ చూసుకుంటుంది. గడిలో వరి ఎంత, కొబ్బరి ఎంత, నీరు ఎంత అన్నది మాత్రం నడిచి తేల్చాల్సిందే. ఒక్క చేను కొలతను గడి మొత్తానికి అంటగట్టి 'సరిపోయింది' అనడం నాకు సమ్మతం కాదు. ఇక్కడ అలా సరిపోతే అది కాకతాళీయం.

గెడ పాతిన చేను రైతు నీడకు కూడా వెళ్లకుండా మా పక్కనే నిలబడ్డారు.

"మాది కాలువ శివారు భూమి బాబూ. వంతు నీళ్లు అందకపోతే ఆకు చుట్టుకునేదాకా తెలియదు. మీ మిషను ముందే చెబుతుందా?"

"చెప్పే అవకాశం ఉంది బాబాయ్‌గారూ. పచ్చదనం తగ్గకముందే ఈ వెలుగు తగ్గుతుంది. కానీ ఇప్పుడున్న ఉపగ్రహానికి మీ చేను విడిగా కనిపించదు."

ఐరోపా అంతరిక్ష సంస్థ ఈ వెలుగు కోసమే ఫ్లెక్స్ అనే ఉపగ్రహాన్ని రూపొందించింది. దాని గడి 300 మీటర్లు, అంటే 22 ఎకరాలు. ఆయనది నాలుగెకరాలే. అయినా శివారు భూములను కాలువ ఎగువ భూముల నుంచి వేరు చేయడానికి అది చాలు. పోల్చడానికి నేల మీది కొలతలు మాత్రం ముందే సిద్ధంగా ఉండాలి. ఆ మాటే ఆయనతో అన్నాం. కోతల దాకా గెడ ఇక్కడే ఉంచమన్నారు. నీళ్ల వంతు వచ్చిన రోజూ రాని రోజూ తేదీలు తనే రాసి పెడతానన్నారు. ఎగువన కాలువ మొదట్లో ఉన్న తన బావమరిది చేనులో రెండో గెడకు చోటు కూడా మాట్లాడి పెట్టారు.