పొట్లంలో నెత్తళ్ళు

ఆదివారం, కౌలాలంపూర్

అత్తయ్య కాకినాడ నుంచి వచ్చి ఇవాళ్టికి ఇరవై రోజులు. ఇన్నాళ్ళలో ఫలానాది కావాలని ఒక్కసారీ అడగలేదు. పొద్దున నేను లేచేసరికే వంటింట్లో ఉంటారు. ఆయన ఊళ్ళో లేరు కదా అని ఈరోజు నేనే పట్టుబట్టాను. "పొయ్యి వెలిగించకండి అత్తయ్యా, బయట తిందాం" అని వీధి చివర ఉన్న మామక్ హోటలుకు తీసుకువెళ్ళాను.

తమిళ ముస్లింలు నడిపే హోటళ్ళను ఇక్కడ అలా పిలుస్తారు. తమిళంలో మామను పిలిచే మాట నుంచే ఆ పేరు వచ్చిందంటారని చెబితే, "మనకూ మామే కదా" అన్నారు.

ముందు రోటీ చనాయ్ తెప్పించాను. పిండిముద్దను గాలిలో తిప్పి తిప్పి అవతలి మనిషి కనిపించేంత పలచగా సాగదీసి, మడిచి పెనం మీద వేస్తుంటే అత్తయ్య కుర్చీ అటు తిప్పుకుని చూశారు. పక్కన ఇచ్చిన పప్పు పులుసు మాత్రం నచ్చలేదు. ఆవిడకు చక్కెర జబ్బు. అందుకని టీకి 'తే ఓ కోసోంగ్' అని చెప్పాను, అంటే పాలూ పంచదారా లేనిది. నాకు తే తారిక్. చిక్కని తీపిపాలు పోసి, ఎత్తు నుంచి నురగ వచ్చేలా తిరగబోస్తారు.

ఆ తరువాత నాసి లెమాక్ వచ్చింది. కొబ్బరిపాలలో పాండన్ ఆకు వేసి వండిన అన్నం, అరటాకు పొట్లంలో. పక్కన సగం గుడ్డు, దోసకాయ ముక్కలు, వేయించిన పల్లీలు, చిన్న చేపలు, సంబల్ అనే ఎర్రటి మిరపకారం ముద్ద. అత్తయ్య అందులోంచి ఒక చేపను రెండు వేళ్ళతో పైకెత్తి చూశారు.

"అమ్మాయ్, ఇవి నెత్తళ్ళు!"

ఇక్కడ వాటిని ఇకాన్ బిలిస్ అంటారు. ఏడాదిన్నరగా తింటున్నాను, నాకు ఆ పోలిక తట్టనే లేదు. ఆవిడ పుట్టిల్లు ఉప్పాడ దగ్గర. చిన్నప్పుడు ఇసుక మీద నెత్తళ్ళు ఎండబోస్తే, కాకులు వాలకుండా కర్ర పట్టుకుని కూర్చోవడం ఆవిడ పని అట. పెళ్ళయి ఆరేళ్ళు, ఈ మాట ఈరోజే విన్నాను. "వంకాయలో వేస్తాం గానీ పల్లీలతో కలిపి వేయించవచ్చని ఎప్పుడూ అనుకోలేదు" అంటూ ఒక్కొక్కటే ఏరుకుని తిన్నారు. కారంలో తీపి ఎందుకని సంబల్‌ను పక్కకు నెట్టారు. నాకైతే ఆ తీపి, అందులోని రొయ్యల ముద్ద వాసన లేకపోతే నాసి లెమాక్ కాదు.

ఈ దేశపు ఉదయపు ఫలహారాల సంస్కృతిని 2024లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చిందని, అందులో మన బల్ల మీద ఉన్న మూడూ ఉన్నాయని చెప్పాను. పొద్దున్నే చేపలేమిటని అడుగుతారనుకున్నాను. "చద్దన్నంలోకి ఎండుచేప కాల్చుకుని తినేవాళ్ళం" అన్నారు. కాసేపాగి, "ఇంకో పొట్లం చెప్పవూ" అన్నారు. నేను లేచి దాదాపు పరుగెత్తాను.

రేపు మార్కెట్టుకు వెళ్ళి ఎండు నెత్తళ్ళు, వంకాయలు తేవాలి. బేరం తానే చేస్తారట. ఎంత అని అడగడానికి 'బెరాపా' అనాలని నేర్పాను. ఇప్పుడు పక్క గదిలో దీపం ఆర్పేశారు. చీకట్లోంచి చిన్నగా వినిపిస్తోంది: బెరాపా, బెరాపా.