హైదరాబాద్ నుంచి గోవాకి కారులో: రాత్రి మాత్రం బయల్దేరకండి

శుక్రవారం ఆఫీసు అయ్యాక రాత్రి పదింటికి బయల్దేరితే పొద్దున్నే బీచ్‌లో ఉంటాం అని గ్రూపులో ఎవరో ఒకరు అంటారు. ఆ మాట ఒప్పుకోకండి. పగలంతా పనిచేసిన మనిషికి తెల్లవారుజామున 2 నుంచి 5 మధ్య కళ్లు వాటంతటవే మూతపడతాయి. పాటలు, టీ, కిటికీ గాలి ఏవీ ఆ నిద్రను ఆపలేవు. పైగా వెనక సీట్లో అందరూ పడుకునేదీ సరిగ్గా అప్పుడే.

దూరం దాదాపు 700 కిలోమీటర్లు. దీన్ని రెండు పగళ్లుగా విడగొట్టండి. తెల్లారి 5కి బయల్దేరి, ఔటర్ మీద ముత్తంగి దగ్గర దిగి 65వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే సంగారెడ్డి, జహీరాబాద్ దాటి హుమ్నాబాద్ వస్తుంది. అక్కడ ఎడమకి తిరిగి కలబురగి, జేవర్గి, సిందగి మీదుగా విజయపుర చేరాలి. మధ్యలో టిఫిను, టీలు కలుపుకున్నా మధ్యాహ్నం ఒంటిగంట, రెండుకల్లా చేరతారు. ఆ రాత్రి అక్కడే ఉండండి. జొన్న రొట్టె, నూనె వంకాయ తిని, సాయంత్రం గోల్ గుంబజ్ ఎక్కి పైన గోడ దగ్గర గుసగుసలాడితే అవతలి వైపు వినిపించడం చూడొచ్చు.

సాయంత్రమే బెళగావి వరకు లాగేద్దాం అనిపిస్తుంది, వద్దు. జమఖండి, ముధోళ్ వైపు అంతా చెరకు ప్రాంతం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఫ్యాక్టరీలకు చెరకు మోసే ట్రాక్టర్లు రెండేసి ట్రాలీలు తగిలించుకుని వెళ్తుంటాయి. చాలావాటికి వెనక లైట్లుండవు. చీకట్లో అవి కనిపించేసరికి బ్రేకు వేసే దూరం మిగలదు. పొద్దున 6కి కదిలితే పదింటికల్లా బెళగావి, ఆ తర్వాత జాంబోటి మీదుగా చోర్లా ఘాట్. పట్టపగలు దిగిపోతారు, గోవా హోటల్లో గది ఇచ్చే వేళకి చేరతారు.

ఘాట్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. బెళగావి సముద్ర మట్టానికి దాదాపు 750 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తంతా దిగాలి. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు, అంటే రెండు లేదా మూడు. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్ లేదా ఎల్ (లో గేరు). న్యూట్రల్‌లో పెట్టి బ్రేకు మీదే కాలు ఉంచితే ప్యాడ్లు వేడెక్కి పట్టు తగ్గుతుంది. బ్రేక్ ఆయిల్ పాతదైతే అందులో చేరిన తేమ మరిగి పెడల్ మెత్తగా లోపలికి వెళ్తుంది. కాలిన వాసన వస్తే విశాలమైన చోట ఆపి, చక్రానికి రాయి అడ్డం పెట్టి, 20 నిమిషాలు చల్లారనివ్వండి. బ్రేకు డిస్కుల మీద నీళ్లు పోయొద్దు, వంకరపోతాయి. ఎదురుగా ఎక్కేవాళ్లకి దారి ఇవ్వడం మన బాధ్యత. అడవిలో ఫోన్ సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మంచు, వాన, కొండచరియల భయం ఉంటాయి. ఆ నెలల్లో బయల్దేరేముందు రోడ్డు తెరిచి ఉందో లేదో కనుక్కోవాలి.

ఇక బండి. హ్యాచ్‌బ్యాక్‌లో ఐదుగురు పెద్దవాళ్లు, ఐదు బ్యాగులు అంటే మోయగలిగిన బరువు దాదాపు అయిపోయినట్టే. నలుగురే హాయి. డ్రైవర్ డోర్ పక్కన టైర్ల గాలి స్టిక్కర్ మీద ఫుల్ లోడ్‌కి వేరే అంకె ఉంటుంది, గాలి ఆ అంకెకి పట్టించాలి, అదీ టైర్లు చల్లగా ఉన్నప్పుడే. ఎండలో వంద కిలోమీటర్లు పోయాక గాలి ఎక్కువ చూపించిందని తీయించొద్దు, చల్లారాక తక్కువైపోతుంది. స్టెప్నీలో గాలి చాలామంది మర్చిపోతారు. జాకీ, వీల్ స్పానర్ డిక్కీలో సామాన్ల కింద కాకుండా పైన ఉంచండి.

తెలంగాణ కంటే కర్ణాటకలో పెట్రోలు తక్కువ, గోవాలో ఇంకా తక్కువ. కాబట్టి ఇక్కడ సరిహద్దు దాటేంత చాలు. రానూపోనూ, గోవాలో తిరుగుడూ కలిపి 1600 కిలోమీటర్లు, లీటరుకి 15 చొప్పున 107 లీటర్లు. లీటరు 105 రూపాయలనుకున్నా నలుగురికి తలా 2,800 పడుతుంది. ఫాస్టాగ్‌లో డబ్బు లేకపోతే టోల్ యూపీఐతో ఒకటింపావు వంతు కట్టాలి.

స్టీరింగ్ రెండు గంటలకోసారి మార్చుకోండి. ముందు సీట్లో కూర్చున్నవాళ్లు నిద్రపోకూడదన్నది అందరూ ముందే ఒప్పుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు గోవా సీసాలు వేసుకోవద్దు. చెక్‌పోస్టుల్లో ఎక్సైజ్ వాళ్లు పట్టుకుంటే కేసు పెడతారు, బండి కూడా ఆపేస్తారు.