మంచు కురిసే చోట ఏసీ లెక్కలు

వేడి దేశంలో ఏసీ పని నేర్చుకున్నవాడికి ఈ చలి దేశంలో పనేముంటుందని బంధువులు అడుగుతుంటారు. చేతినిండా ఉంది. మా బృందం ఇప్పుడొక కొత్త కళాశాల ప్రాంగణానికి డిజైన్ చేస్తోంది. బయట మంచు కురుస్తున్నా సర్వర్ గది వేడెక్కుతూనే ఉంటుంది. కిటికీల్లేని తరగతి గది విద్యార్థులతో నిండితే దానికీ చల్లగాలే కావాలి. అదే సమయంలో బయటి గోడల వెంట ఉన్న గదులు వణుకుతుంటాయి. పాత పద్ధతిలో ఒక యంత్రం ఆ వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది, మరొకటి గ్యాసు మండించి కొత్త వేడి పుట్టిస్తుంది. నాకైతే ఒళ్లు మండుతుంది.

ఆ వేడినే పట్టి పక్క భవనానికి పంపుతాయి హీట్ రికవరీ చిల్లర్లు, అంటే నీటిని చల్లబరుస్తూ అందులోంచి తీసిన వేడిని వృథా పోనివ్వని యంత్రాలు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2015లో భవనాలను వెచ్చబరచడానికి ఆవిరి వాడడం మానేసి వేడినీటికి మారింది ఈ దారిలోనే. గాలిని వెచ్చబరిచే వేడినీటి గొట్టపు చుట్టలు, అంటే కాయిళ్లు, కాస్త పెద్దవి వేసుకుంటే గది వెచ్చబడడానికి 50 డిగ్రీల నీళ్లు చాలు. అంతకు మించి వేడి చేయమన్నకొద్దీ యంత్రం కరెంటు మింగుతుంది.

ప్రయోగశాలల సంగతి వేరు. అక్కడి గాలిని తిరిగి వాడకూడదు. బయటికి పోయే గాలి నుంచి వేడిని మాత్రం నీటి గొట్టాలతో లాగి, లోపలికి వచ్చే గాలికి అందిస్తాం.

యంత్రం ఎంత పెద్దది కావాలో తేల్చేటప్పుడు అసలు గొడవంతా తలల లెక్క దగ్గరే. ఆడిటోరియం నిండుతుందంటారు, గ్రంథాలయం నిండుతుందంటారు, క్యాంటీనూ నిండుతుందంటారు. అన్నీ కూడితే కళాశాలలో చేరినవారికంటే ఎక్కువమంది తేలతారు! పైగా ఎవరికి వారు భద్రత కోసం 10 శాతం కలుపుతారు. నలుగురి చేతులు మారేసరికి అది 46 శాతం అవుతుంది. అంత పెద్ద చిల్లర్ తక్కువ భారంతో ఆగుతూ, మొదలవుతూ అరిగిపోతుంది. ఫ్యాన్ల విషయంలోనూ అంతే. గాలి 20 శాతం తగ్గించగలిగితే వాటి కరెంటు దాదాపు సగమవుతుంది.

పెద్దల మాటకు ఎదురు చెప్పకుండా పెరిగిన నాకు, తల నెరిసిన ఆర్కిటెక్టుతో “ఈ గాజుగోడ తగ్గించండి” అనడం చిల్లర్ ఎంపికకంటే కష్టం. ఆయన మాత్రం కోపగించుకోలేదు, లెక్క చూపమన్నారు. చూపించాను. పడమటి గోడలో సగం గాజు పోయింది, మిగతా సగం కోసం ఇంకా వాదన నడుస్తోంది.

రేపు ఈ యంత్రాలను నడపబోయే నిర్వహణాధికారి మా డ్రాయింగులన్నీ తిరగేసి ఒక్కటే అడిగారు: “ఫిల్టరు మార్చాలంటే నేనెక్కడ నిలబడాలి?” ఆ యంత్రాల గది కొలతలు మళ్లీ గీస్తున్నాం.