గుల్మార్గ్‌లో బోర్డు దిగి స్కీలు తొడిగాను

విజయవాడ వాళ్ళకి మంచు అంటే ఏడాదికోసారి సెలవు పెట్టుకుని వెళ్ళి చూసేదే. అందుకే గుల్మార్గ్‌లో గడిపే ప్రతి గంటా నాకు విలువైనదే. ఆ గంటలు ఎప్పట్లా రెండు కాళ్ళూ ఒకే పలకకి బిగించుకునే స్నోబోర్డు మీద గడపాలా, కాలికో పలక తొడుక్కునే స్కీయింగ్‌కి మారిపోవాలా అన్న ప్రశ్న గన్నవరంలో ఢిల్లీ విమానం ఎక్కకముందు నుంచే బుర్రలో తిరుగుతోంది. బోర్డు నాకు వచ్చు, మరీ నిటారు కాని వాలైతే హాయిగా దిగిపోతాను. కాకపోతే ఈసారి మా ఆవిడ, పాపతో పాటు గుంటూరు నుంచి మా బావమరిది వాళ్ళూ వచ్చారు. వాళ్ళంతా స్కీల వాళ్ళే.

శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ 50 కిలోమీటర్లు. టంగ్‌మర్గ్‌లో కారు దిగి, చక్రాలకు గొలుసులు కట్టిన బండి ఎక్కాం. అక్కణ్ణుంచి పైదాకా తెల్లటి మలుపులే.

మొదటి రోజు బోర్డే వేసుకున్నాను. వాలు మీద ఉన్నంతసేపూ దాన్ని మించింది లేదు. పక్కకి తిరిగి నిలబడి, మడమ అంచు నుంచి మునివేళ్ళ అంచుకి బరువు మార్చగానే కాళ్ళ కింద మంచు కోసుకుపోతుంటే ఆ ఆనందం వేరు. అయితే గుల్మార్గ్ కింది భాగమంతా పచ్చికమైదానం. వాలు తొందరగా అయిపోతుంది, తర్వాత చదునే. అక్కడ ఆగిన ప్రతిసారీ మంచులో మోకాలేసి, వెనక కాలి పట్టీ విప్పుకోవాలి. పట్టీ పళ్ళలో మంచు గడ్డకట్టి బకిల్ కదలదు. గ్లౌజు తీసి గోటితో గీకి, విప్పి, ఒక కాలు బోర్డుకి కట్టుకునే రెండో కాలితో తోసుకుంటూ లిఫ్ట్ దాకా వెళ్ళాలి. ఈలోగా పాప చేతికర్రలతో నాలుగు తోపులు తోసి నన్ను దాటిపోతుంది! పైకి లాగే డ్రాగ్ లిఫ్ట్ కూడా స్కీలకే అనువుగా ఉంటుంది. రెండు కాళ్ళూ ముందుకు పెట్టి నిలబడితే చాలు, లాక్కెళ్తుంది. బోర్డు మీదైతే ఒంటికాలు బిగించుకుని, పక్కకి తిరిగి, నడుం మెలిపెట్టి నిలబడాలి.

ఆ రాత్రి కాంగ్రీ (కాశ్మీరీల నిప్పుల కుండ) దగ్గర చేతులు కాచుకుంటుంటే బావమరిది అన్నాడు, "బావా, రేపు ఒక్కరోజు బోర్డు రూంలో పెట్టి మాతో స్కీలేసుకో. నచ్చకపోతే ఎల్లుండి నీ బోర్డు నీదే."

స్కీ బూట్లు మాత్రం నాకు నచ్చలేదు. బోర్డు బూట్లు మెత్తగా ఉంటాయి, వాటితో టీకొట్టు దాకా నడిచి వెళ్ళొచ్చు. ఇవేమో గట్టి ప్లాస్టిక్కు. బకిల్స్ బిగిస్తే పిక్కలు పట్టేస్తాయి, నడుస్తుంటే టకటకమని చప్పుడు. అయినా వాలు ఎక్కాక ముందుకి చూస్తూ నిలబడటం, స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెట్టి వేగం తగ్గించుకోవడం ఒక పూటలోనే పట్టుబడ్డాయి. అంచు మీద బరువు ఎలా వేయాలో బోర్డు ముందే నేర్పింది కదా, అది ఇక్కడ బాగా పనికొచ్చింది.

దెబ్బల సంగతీ ఆలోచించాలి. బోర్డు మీద పడితే చేతులు ఆన్చుతాం, మణికట్టు మీదికొస్తుంది. స్కీల మీద ప్రమాదం మోకాలికి. నాది బీసెంట్ రోడ్డులో కళ్ళద్దాల షాపు, లెన్సులు బిగించే చేతికి కట్టు పడితే పని ఆగిపోయినట్టే. అలాగని మోకాలిని గాలికొదిలేయలేం. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగు, పడినప్పుడు ఎంత బలానికి ఊడాలో మన బరువు, ఎత్తు, అనుభవం, బూటు అడుగు పొడవు చూసి బిగిస్తారు. అద్దెకిచ్చే అతనికి బరువు నిజం చెప్పాలి, మొహమాటానికి అయిదు కిలోలు తగ్గించకూడదు. అన్నట్టు, గాగుల్స్ మర్చిపోవద్దు. కొత్త మంచు తన మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పి కొడుతుంది. కళ్ళ పనిలో ఉన్నవాణ్ణి, చెప్పకుండా ఉండలేను.

బోర్డుకి అసలైన చోటు పైన ఉంది. గండోలా (తీగల మీద నడిచే కేబుల్ కారు) రెండో దశ అఫర్వత్ కొండ మీద, 4,000 మీటర్లకి కొంచెం తక్కువ ఎత్తులో దింపుతుంది. మోకాలి లోతు పొడి మంచులో వెడల్పాటి బోర్డు మునగకుండా తేలిపోతుంది. కానీ అక్కడ హిమపాతాల భయం ఉంది. గైడు, మంచులో కూరుకుపోయినా జాడ చెప్పే ట్రాన్సీవర్, పార లేకుండా స్కీ ప్రాంతం హద్దు దాటకూడదు. పిల్లల్ని తీసుకెళ్ళి సరదాగా తిరిగే మాలాంటి వాళ్ళం మొదటి దశ కాంగ్డూరి దాకానే వెళ్తాం. అంటే బోర్డు బాగా పనికొచ్చే చోటికి మేం వెళ్ళనే వెళ్ళం. మేం తిరిగే చోట స్కీలదే పైచేయి.

అందుకే మారిపోయాను. వచ్చే జనవరి చివర్లో మళ్ళీ వెళ్దామని అనుకుంటున్నాం, ఇంటిల్లిపాదికీ స్కీలే. కొత్త మంచు బాగా పడితే ఒక పూట బోర్డు అద్దెకి తీసుకుంటానని బావమరిదితో ముందే చెప్పేశాను. ఈలోగా తొడలు గట్టిపడాలని తెల్లారుజామున దుర్గమ్మ కొండ మెట్లు ఎక్కి దిగుతున్నాను. స్కీయింగ్‌కి ఎక్కడం కన్నా దిగడమే మంచి సాధన.