పెడళ్లకు కరెంటు ఎలా ఇవ్వాలి?

విజయనగరంలో గిటారు వాయించే కుర్రవాళ్లు పెడళ్ల (గిటారు ధ్వనిని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టెల) మీద వేలకు వేలు పోస్తారు గానీ, వాటికి కరెంటు ఇచ్చే దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో పడి ఉన్న అడాప్టరుతో సరిపెట్టుకుంటారు. మూడో పెడల్ కొనాలనుకునేవారు ముందు ఆ డబ్బుతో మంచి పవర్ సప్లయి కొనుక్కోవాలని నా గట్టి అభిప్రాయం.

పెడళ్లలో ఎక్కువ భాగం 9 వోల్టుల డీసీతో, సెంటర్ నెగెటివ్ పిన్నుతో పనిచేస్తాయి. వైఫై రౌటర్లకు వచ్చే అడాప్టర్లు సాధారణంగా 12 వోల్టులవి, పైగా వాటి పిన్ను మధ్యభాగం పాజిటివ్. పిన్ను సరిగ్గా పట్టింది కదా అని దాన్ని గుచ్చితే పెడల్ కాలిపోవచ్చు. కాబట్టి అడాప్టరు మీద ముద్రించిన చిన్న వృత్తాల బొమ్మలో మైనస్ గుర్తు మధ్య చుక్కకు కలిసి ఉందో లేదో చూడండి. లైన్ 6 కంపెనీ పాత డీఎల్4 వంటి కొన్ని పెడళ్లకు 9 వోల్టుల ఏసీయే కావాలి కనుక, పెడల్ వెనుక రాసినది చదవకుండా ఏదీ తగిలించకూడదు.

వోల్టేజీ కచ్చితంగా సరిపోవాలి. మిల్లీఆంపులు మాత్రం అవసరానికి మించి ఉన్నా నష్టం లేదు, ఎందుకంటే పెడల్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. స్వరాన్ని గరుకుగా మార్చే మామూలు అనలాగ్ డిస్టార్షన్ పెడల్‌కు 10 మిల్లీఆంపులు కూడా అక్కరలేకపోవచ్చు, అదే హాల్లో మారుమోగినట్టు వినిపించే పెద్ద డిజిటల్ రివర్బ్ ఒక్కటే 300 దాకా లాగుతుంది.

అసలు చిక్కు డైసీ చెయిన్‌తో వస్తుంది. ఒకే అడాప్టరు నుంచి అన్ని పెడళ్లకూ తీగ పాకించినప్పుడు, స్వరాన్ని కాస్త ఆగి మళ్లీ వినిపించే డిజిటల్ డిలే పెడల్ లోపలి ప్రాసెసర్ పుట్టించే సన్నని కూత ఉమ్మడి గ్రౌండ్ ద్వారా పక్క పెడళ్లలోకి చేరుతుంది. గెయిన్ (సిగ్నల్ బలం) పెంచిన డిస్టార్షన్ దాన్ని గిటారు స్వరంతో పాటే పెద్దది చేసి ఆంప్‌కు పంపుతుంది. ఐసొలేటెడ్ సప్లయిలో ప్రతి అవుట్‌పుట్‌కూ విడి సర్క్యూట్ ఉంటుంది కాబట్టి ఈ దారి మూసుకుపోతుంది. పాజిటివ్ గ్రౌండ్ మీద, అంటే ప్లస్ వైపే గ్రౌండ్‌కు కలిసి నడిచే పాత తరహా జెర్మేనియం ఫజ్ (డిస్టార్షన్‌లో ఒక రకం) పెడల్‌ను మిగతావాటితో ఒకే చెయిన్‌లో కలపడం అసలే కుదరదు, దానికి విడి అవుట్‌పుట్ ఉండి తీరాలి. నేను మొదట చెప్పినదానికి ఒక్కటే మినహాయింపు: రెండు మూడు అనలాగ్ పెడళ్లు మాత్రమే ఉన్నవారికి డైసీ చెయిన్ చాలు, వారు అనవసరంగా ఖర్చు పెట్టుకోనక్కరలేదు.

రొద ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవడం కష్టం కాదు. అనుమానమున్న పెడల్‌కు తాత్కాలికంగా 9 వోల్టుల బ్యాటరీ పెట్టి వినండి: రొద పోతే తప్పు సప్లయిది. పోకుండా, గిటారు పట్టుకుని మీరు పక్కకు తిరిగినప్పుడు తగ్గుతూ పెరుగుతూ ఉంటే అది గిటారులోని సింగిల్ కాయిల్ పికప్‌ల (తీగల కంపనాన్ని పట్టే, ఒకే తీగచుట్ట ఉన్న అయస్కాంత భాగాల) నుంచి వచ్చేది, దానికి ఏ సప్లయీ మందు కాదు.

మన జిల్లాల్లో ఇంకొకటి ఆలోచించాలి. పైడితల్లి అమ్మవారి పండుగ రోజుల్లోనైనా, ఊళ్లలో జాతర స్టేజీల మీదనైనా చాలాసార్లు జనరేటర్ కరెంటే దిక్కు, లైట్లన్నీ ఒక్కసారి వెలగగానే వోల్టేజీ పడిపోతుంది. పాత తరహా ట్రాన్స్‌ఫార్మర్ సప్లయిలో లోపలి వోల్టేజీ కూడా ఆ మేరకు తగ్గి, రెగ్యులేటర్‌కు చాలనప్పుడు గుంయ్‌మని హమ్ మొదలవుతుంది. 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకునే స్విచింగ్ రకం ఈ ఒడుదొడుకులను తట్టుకుంటుంది కనుక, ఇక్కడ వాయించేవారికి అవుట్‌పుట్‌లు ఐసొలేట్ అయి ఉన్న ఆ రకాన్నే నేను సూచిస్తాను.

హమ్ పోతుందని త్రీ పిన్ ప్లగ్గులోని ఎర్త్ పిన్నును తీసేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. గిటారు తీగలు సాధారణంగా ఆంప్ గ్రౌండ్‌కే కలిసి ఉంటాయి, లోపం ఉన్న ఆంప్‌కు ఎర్తింగ్ కూడా లేకపోతే మైకుకు పెదవి తగిలిన క్షణంలో షాక్ కొట్టి ప్రాణం పోవచ్చు. స్టేజీ ఎక్కే ముందు సౌండ్ వాళ్లను అడిగి, ఆంప్‌కూ పెడళ్లకూ మిక్సర్ ఉన్న లైను నుంచే, ఎర్తింగ్ ఉన్న బోర్డు ద్వారా కరెంటు ఇప్పించుకోండి.